ఉప్పునీళ్ళ తొట్టెకి ఏ ఫిల్టరు పెట్టాలండి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో గప్పీల గురించి రాస్తూ చివర్లో ఉప్పునీళ్ళ అక్వేరియం మాట ఓ ముక్క ఎత్తానో లేదో ఉత్తరాలు వచ్చి పడ్డాయి, అందులో సగం ఒకటే ప్రశ్న, ఫిల్టరు ఏది కొనాలండి అని. మన గోదారి జిల్లాల్లో నీళ్ళ గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, గట్టు మీద నుంచుని రంగు చూసి చెరువు ఎలా ఉందో చెప్పేసే మనుషులున్న ఊళ్ళు ఇవి. కాకపోతే ఆ తెలివిలో సగం తొట్టె దగ్గర బ్రహ్మాండంగా పనికొస్తుంది, మిగతా సగం కొంప ముంచుతుంది. నేను కూడా హ్యాచరీలో పనిచేసొచ్చి మొదటి తొట్టెలో చేపలన్నీ చంపుకున్నవాణ్ణే కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి, వనామి రొయ్యల చెరువులు చేస్తాం. మా అమ్మాయి నారింజ రంగు క్లౌన్ ఫిష్ కావాలని పేచీ పెడితే నాలుగడుగుల తొట్టె చేయించాను, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇప్పుడు ఫిల్టరు దగ్గర ఆగిపోయానండి. ఒక షాపాయన క్యానిస్టర్, అంటే బయట పెట్టే మూతడబ్బా ఫిల్టరు, చాలన్నాడు, ఇంకొకాయన సంపు, స్కిమ్మర్ లేకపోతే డబ్బులు నీళ్ళపాలే అన్నాడు, మా బావమరిదేమో ఇసుక కింద ప్లేటు ఫిల్టరు వేసి చెరువులో అమ్మోనియాకి చల్లే జియోలైట్ కాస్త కొట్టేయ్ బావా సరిపోద్ది అంటున్నాడు. పదేళ్ళుగా చెరువులో అమ్మోనియా చూస్తున్నోళ్ళమే కదా, ఇంత హంగామా అవసరమా?

జవాబు: షాపాయనలు ఇద్దరూ అబద్ధం చెప్పలేదండి, మీ బావమరిదికి మాత్రం ఓ కాఫీ ఇచ్చి పంపించేయండి.

ముందు లెక్క చూద్దాం. మీ తొట్టె గట్టిగా నింపితే 255 లీటర్లు, రాళ్ళూ ఇసకా పోను నికరంగా ఓ 220 ఉంటాయి. మీ ఎకరం చెరువులో నాలుగడుగుల లోతున నీళ్ళుంటే దాదాపు 49 లక్షల లీటర్లు. అక్కడ ఎండ ఉంది, ఆల్గే ఉంది, పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ ఆల్గే అమ్మోనియాని తింటూనే ఉంటుంది, అడుగున మట్టి ఉంది, నాలుగు నెలలు ఎలాగోలా లాగితే పట్టుబడి అయిపోయి చెరువు ఎండబెట్టేస్తారు. తొట్టెకి ఇవేవీ లేవు, పైగా క్లౌన్ ఫిష్ బాగా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతుంది, అంటే పదేళ్ళు పట్టుబడి లేని చెరువన్నమాట. చెరువులో ఎండా మట్టీ ఆల్గే కలిసి చేసే పని ఇక్కడ మీరు కొని పెట్టిన సామాన్లు చెయ్యాలి, ఫిల్టరంటే అంతే.

మేత వేస్తారు, చేప తిని వదులుతుంది, మిగిలింది కుళ్ళుతుంది, అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఇది మీకు తెలిసిందే. తేడా ఎక్కడంటే సముద్రపు నీళ్ళ పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి, ఆ పీహెచ్‌లో అమ్మోనియాలో విషపు భాగం, పీహెచ్ 7 ఉన్న నీళ్ళతో పోలిస్తే పదిరెట్లకు పైనే ఉంటుంది, అందుకని చెరువులో చూసీ చూడనట్టు వదిలేసే రీడింగు ఇక్కడ తెల్లారేసరికి చేపని తేల్చేస్తుంది. నైట్రైట్ మాత్రం మంచినీళ్ళలో చేసినంత చేటు ఉప్పునీళ్ళలో చెయ్యదు, ఉప్పులో ఉన్న క్లోరైడ్ అడ్డుపడుతుంది, చెరువుకి ఉప్పు కొట్టించేది అందుకే కదండీ.

ఇప్పుడు ఫిల్టర్లు. చెత్తని వడకట్టడం ఒక పని, బ్యాక్టీరియాకి ఇల్లు కట్టివ్వడం రెండో పని, నీళ్ళలో కరిగిపోయిన రంగునీ వాసననీ కార్బన్ లాంటి వాటితో పీల్చడం మూడో పని. మంచినీళ్ళ తొట్టెకి ఈ మూడూ చాలు. ఉప్పునీళ్ళలో ఇంకోటుంది, నన్నడిగితే అన్నిటికంటే పెద్దది అదే. మురికి కుళ్ళి అమ్మోనియాగా మారకముందే దాన్ని నీళ్ళలోంచి బయటికి తీసి పారెయ్యడం. ఈ పని చేసేదే ప్రోటీన్ స్కిమ్మర్.

అదేదో పెద్ద సైన్స్ అనుకోకండి, మీరు రోజూ చూసేదే. ఏరియేటర్లు తిరుగుతుంటే చెరువులో గాలివాటు మూల జిగురు జిగురుగా నురగ పేరుకుంటుందే, అదీ. నీళ్ళలో కరిగిన ప్రోటీనూ కొవ్వూ గాలి బుడగ అంచుని పట్టుకుని పైకి వస్తాయి. స్కిమ్మర్ అంటే ఓ గొట్టంలో సన్నటి బుడగలు లక్షల్లో పుట్టించి, ఆ నురగని మెడ మీదుగా ఎక్కించి పైన కప్పులో పడేట్టు చేసే సామాను. మూడు రోజులకోసారి ఆ కప్పు తీసి చూడండి, చిక్కటి టీ డికాషన్ లాంటిది, వాసన భరించలేం, అదంతా నీళ్ళలో ఉండిపోతే ఏమయ్యేదో మీకే అర్థమవుతుంది. మంచినీళ్ళలో ఇది సరిగ్గా పనిచెయ్యదు ఎందుకంటే అక్కడ బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి, ఉప్పునీళ్ళలో చిన్నగానే ఉంటాయి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త, డబ్బా మీద 250 లీటర్లకి అని రాస్తే అది ఒకటీ రెండు చేపలున్న తొట్టెకి అనుకోండి, మీరు 400 లీటర్లదాన్ని తీసుకోండి. కొత్తదాన్ని పెట్టగానే నురగ రాలేదని షాపుకి పరిగెత్తకండి, సెట్ అవ్వడానికి వారం పది రోజులు పడుతుంది. అందులో చెయ్యి పెట్టేముందు చేతికి నూనె గానీ క్రీము గానీ లేకుండా చూసుకోండి, నూనె తగిలితే నురగ కూలిపోతుంది.

బ్యాక్టీరియాకి ఇల్లు అంటే రాయి. ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అని ఒకాయన 1961లోనే ఫిల్టరేమీ లేకుండా సముద్రంలోంచి తెచ్చిన రాళ్ళూ గాలి బుడగలూ పెట్టి తొట్టె నడపొచ్చని రాశాడు, తర్వాత జర్మనీలో బెర్లిన్ వాళ్ళు ఆ రాళ్ళకి స్కిమ్మర్ జతచేశారు, ఇవాళ్టికీ ప్రపంచమంతా ఎక్కువమంది నడిపేది ఆ పద్ధతే. రాయి పైపొర మీద గాలి కావాల్సిన బ్యాక్టీరియా ఉంటుంది, లోపల ఆక్సిజన్ అందని రంధ్రాల్లో ఇంకో రకం ఉండి నైట్రేట్‌ని కూడా కొంత గాలిగా మార్చి పంపించేస్తుంది, ఈ రెండో పని ఏ డబ్బా ఫిల్టరూ మామూలుగా చెయ్యదు. మీ తొట్టెకి 20 నుంచి 25 కిలోలు చాలు, రాయి ఎంత తేలిగ్గా, ఎంత బొరియలతో ఉంటే అంత తక్కువ పడుతుంది. గోడలాగా పేర్చెయ్యకండి, వెనక నుంచి నీళ్ళు తిరిగేట్టు గుహల్లాగా పెట్టండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎవరైనా రామేశ్వరం వైపు నుంచి పగడపు రాళ్ళు తెచ్చిస్తామంటే తీసుకోవద్దు. మన సముద్రాల్లో ఉన్న పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, 2001లో పులి ఉన్న షెడ్యూల్ 1లోనే చేర్చారు, సముద్రపు గుర్రాల్ని కూడా అప్పుడే చేర్చారు. కాబట్టి పొడిరాయి కొనండి, అందులో మనమే బ్యాక్టీరియా పెంచుదాం, కాస్త టైము పడుతుంది అంతే, పైగా దొంగ పీతలూ పురుగులూ వచ్చే బాధ లేదు.

ఇంక క్యానిస్టర్. చెడ్డది కాదండి, కానీ అది మూతేసిన డబ్బా, లోపల చిక్కిన మేతా రెట్టా మనకి కనపడదు, కనపడకపోతే కడగం, రెండు నెలలు అలా వదిలేస్తే నైట్రేట్ తయారుచేసే మిషనైపోతుంది. పది పదిహేను రోజులకోసారి విప్పి కడిగే ఓపికుంటే పెట్టుకోండి, నాకైతే లేదు. ఇసుక కింద ప్లేటు ఫిల్టరు అంటే మన చిన్నప్పటి పద్ధతి, అప్పట్లో దానితోనే ఉప్పునీళ్ళ చేపల్ని పెంచిన మహానుభావులున్నారు, కానీ మురికిని తొట్టె కిందకే లాగి అక్కడే దాచిపెడుతుంది, ఏడాది తర్వాత ఆ ఇసుక కదిపితే వచ్చే నల్ల నీళ్ళు చూశాక ఇంకెప్పుడూ పెట్టలేదు. జియోలైట్ మాటకొస్తే, మంచినీళ్ళలో అది అమ్మోనియాని పట్టుకుంటుంది నిజమే, ఉప్పునీళ్ళలో అయితే నీళ్ళనిండా ఉన్న సోడియం ముందే పోయి ఆ సీట్లన్నీ ఆక్రమించేస్తుంది, ఇంక అమ్మోనియాకి చోటెక్కడ? ఉప్పు ఎక్కువున్న చెరువుల్లో కూడా అదే కథ, ఆ మాట జియోలైట్ అమ్మేవాళ్ళు చెప్పరు.

కాబట్టి మీకు నేను చెప్పేది, తొట్టె కింద సంపు. సంపు అంటే ఇంటి ముందు నేలలో తవ్వే సంపు కాదండోయ్, స్టాండు కింద పెట్టే ఇంకో గాజు తొట్టె, 80 నుంచి 100 లీటర్లది. పై తొట్టె నుంచి నీళ్ళు పొర్లి గొట్టంలోంచి కిందకి దిగుతాయి, ముందు ఓ గుడ్డసంచీ లాంటి ఫిల్టర్ సాక్‌లో పడతాయి, పక్క గదిలో స్కిమ్మర్, చివరి గదిలో పైకి తోసే పంపు. ఆ సాక్ మూడు నాలుగు రోజులకోసారి ఉతకాలి, ఉతకనోళ్ళు అసలు పెట్టకపోవడమే మేలు, క్యానిస్టర్‌కి చెప్పిన జబ్బే దీనికీ ఉంది. పంపు గంటకి 1,000 నుంచి 1,200 లీటర్లు పైదాకా ఎక్కిస్తే చాలు, డబ్బా మీద రాసింది ఎత్తుకి తోస్తే సగం అవుతుంది, అది చూసుకుని కొనండి. తొట్టె లోపల నీళ్ళు తిరగడానికి వేరే వేవ్‌మేకర్ పెట్టండి, సంపు పంపుతోనే అన్నీ అయిపోవాలనుకోకండి. అన్నట్టు, కరెంటు పోయినప్పుడు పై తొట్టె నుంచి ఓ పదిహేను లీటర్లు కిందకి దిగుతాయి, ఆ మేరకి సంపులో ఖాళీ ఉంచాలి, పైకెళ్ళే గొట్టానికి నీటిమట్టం దగ్గర చిన్న బెజ్జం పెట్టించాలి, లేకపోతే సైఫన్ పట్టి హాలంతా ఉప్పునీళ్ళే, మా ఇంట్లో ఓ టీవీ స్టాండు అలాగే పోయింది, ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెప్తుంది.

మొత్తం సెట్ అయ్యాక వెంటనే చేపల్ని వెయ్యకండి. అమ్మోనియం క్లోరైడ్ చుక్కలు గానీ చిటికెడు మేత గానీ వేసి ఖాళీ తొట్టెని నడపండి, అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది, రెండూ సున్నాకొచ్చేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఓ రొయ్య ముక్క వేసి కుళ్ళబెట్టే పద్ధతి కూడా ఉంది, మన ఊళ్ళో రొయ్యకేం కొదవ, కానీ ముందు ముందు తొట్టెలో క్లీనర్ ష్రింప్ వేద్దామనుకుంటే చెరువు రొయ్య ముక్క వేయకండి, దాంతో వైరస్ రావచ్చు. ఆ ఆరు వారాలు మీ అమ్మాయిని ఆపడం మీ పని, నా వల్ల కాదు. తర్వాత ఒక జత క్లౌన్, మూడు వారాలాగి ఇంకో చేప. కొనేటప్పుడు హ్యాచరీలో పుట్టినవి అడగండి, కొచ్చిలో ఆఫీసున్న సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు క్లౌన్ పిల్లల్ని తీసే పద్ధతి ఎప్పుడో తయారుచేశారు, అలాంటివి మనం వేసే మేతకి అలవాటు పడి ఉంటాయి, గట్టిగా బతుకుతాయి.

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గరండి, సముద్రం మూడు కిలోమీటర్లు. డబ్బాలేసుకుని సముద్రం నీళ్ళు తెచ్చి పోస్తే ఫిల్టరు ఖర్చు తగ్గుతుంది కదా అని మా వాళ్ళందరూ అంటున్నారు. లేదా పక్కన చెరువుకి వేసిన ఉప్పునీటి బోరుంది, 28 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీళ్ళలో 28 పాళ్ళ ఉప్పు) చూపిస్తుంది, అదైనా వాడొచ్చా?

జవాబు: పక్కనే సముద్రం పెట్టుకుని ఉప్పు కొనమంటే మీకు కోపం వస్తుందని తెలుసండి, అయినా కొనమనే అంటాను.

అంతర్వేది అంటే వశిష్ఠ కలిసే చోటు కదా, జులై నుంచి వరద నీళ్ళు దిగాయంటే ఒడ్డున సముద్రం కూడా ఎర్రగా ఉంటుంది, ఉప్పు పడిపోతుంది, ఒండ్రు అంతా నీళ్ళలోనే ఉంటుంది. మిగతా రోజుల్లో కూడా ఊళ్ళలోంచి డ్రెయిన్లు మోసుకొచ్చేదంతా చివరికి అక్కడికే చేరాలి. చేపకి కావలసింది 35 పీపీటీ, రోజూ అదే. పగడపు దిబ్బల దగ్గర పుట్టిన చేప మన గోదారి ముఖద్వారం నీళ్ళలో పుట్టింది కాదు, దానికి అలవాటైన నీళ్ళు వేరు. ఎండాకాలంలో పడవ మీద లోపలికి పోయి తేగలిగితే ఆ నీళ్ళని మూతేసి చీకట్లో రెండు మూడు వారాలుంచి, అడుగున దిగినదాన్ని వదిలేసి పైనుంచి తీసి వాడిన వాళ్ళున్నారు, అంత ఓపికుంటే సరే. ఉప్పాడ వైపు హ్యాచరీల నుంచి శుద్ధిచేసిన సముద్రపు నీళ్ళు దొరికినా బాగానే ఉంటాయి కానీ వాళ్ళు బ్లీచింగ్ కొడతారు, క్లోరిన్ పూర్తిగా పోయిందో లేదో టెస్ట్ చేశాకే తెచ్చుకోండి.

బోరు నీళ్ళు అసలు వద్దు. రీఫ్రాక్టోమీటర్‌లో 28 చూపించినంత మాత్రాన అది సముద్రం కాదు, ఆ మీటరు ఎంత ఉప్పో చెప్తుంది గానీ ఏ ఉప్పో చెప్పదు. ఉప్పునీటి బోర్లలో మామూలుగా పొటాషియం బాగా తక్కువుంటుంది, అందుకే కదా మీరు చెరువుకి బస్తాల కొద్దీ పొటాషియం, మెగ్నీషియం మినరల్స్ వేసేది. పైగా ఇనుము ఉంటుంది, కిందనుంచే అమ్మోనియా వచ్చే బోర్లూ ఉన్నాయి, ఎంత గొప్ప స్కిమ్మర్ అయినా ఇనుమునీ పొటాషియం లోటునీ సరిచెయ్యలేదు.

ఆర్‌ఓ నీళ్ళు, మెరైన్ సాల్ట్, ఇంతే. లీటరుకి సుమారు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, ప్యాకెట్టు మీద చూసుకోండి. కిరాణా కొట్లో కల్లుప్పు చవగ్గా వస్తుంది కదా అని ఒకాయన అడిగారు, అది దాదాపు మొత్తం సోడియం క్లోరైడేనండి, ఉప్పుమడిలో ఉప్పు గడ్డకట్టాక మెగ్నీషియం అంతా మిగిలిన చేదు నీళ్ళలోనే పోతుంది. ఆర్‌ఓ నీళ్ళకి టిన్నులు తెప్పించుకునేవాళ్ళు నీళ్ళలో కరిగిన లవణాలెంతో చూపించే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి, ప్లాంటు వాళ్ళు రుచి కోసం పచ్చి నీళ్ళు కాస్త కలుపుతారు, తాగడానికి బావుంటుంది, తొట్టెకి బాగోదు, పది లోపు ఉంటేనే తీసుకోండి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక మన చెరువుల్లో నీళ్ళు చిక్కబడతాయి, అప్పుడు ఇంట్లో ఆర్‌ఓ మెంబ్రేన్ మీద భారం పెరుగుతుంది, రీడింగు ఆ రోజుల్లో వారం వారం చూడండి.

ప్రశ్న: అన్నయ్యా, నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను, రూములో 40 లీటర్ల చిన్న తొట్టె ఉంది, ఒక్క క్లౌన్ పెట్టుకుందామని. స్కిమ్మర్ రేటు చూసి కళ్ళు తిరిగాయి. అది లేకుండా కుదరదా?

జవాబు: కుదురుతుంది తమ్ముడూ, నీ దగ్గర స్కిమ్మర్ కంటే మంచి సామాను ఉంది, బకెట్టు.

పైన భీమవరం ఆయనకి చెప్పినదంతా పెద్ద తొట్టెకి. 40 లీటర్లకి నాలుగైదు కిలోల రాయి, వెనక తగిలించే చిన్న హ్యాంగాన్ ఫిల్టరు ఒకటి, అందులో స్పాంజి, కొంచెం యాక్టివేటెడ్ కార్బన్, అంతే. వారం వారం ఆరు లీటర్ల నీళ్ళు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోయి, ఆరు లీటర్లంటే ఎంత, ఓ చిన్న బకెట్టు. స్కిమ్మర్ బయటికి తీసే మురికిని నువ్వు చేత్తో తీస్తున్నావన్నమాట. కార్బన్ నెలకోసారి మార్చాలి, అది నిండాక ఏమీ పీల్చదు, ఊరికే గులకరాళ్ళలాగా ఉంటుంది. ఈ పద్ధతిలో మోసం ఒకటే, పరీక్షలనీ పండగనీ రెండు వారాలు ఎగ్గొడితే చిన్న తొట్టె క్షమించదు. సంక్రాంతికి ఊరెళ్తే ఎవరికైనా అప్పజెప్పి వెళ్ళు, మేత మాత్రం రోజుకి ఎంతో కాగితాల్లో పొట్లాలు కట్టి ఇయ్యి, రూమ్మేట్లకి డబ్బా ఇస్తే ప్రేమ ఎక్కువై సగం డబ్బా వేసేస్తారు.

ఇంకో సంగతి, నీళ్ళు ఆవిరై తగ్గితే మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవ్వదు. 40 లీటర్లలో రెండు లీటర్లు తగ్గినా 35 కాస్తా దాదాపు 37 అయిపోతుంది.

ప్రశ్న: తణుకు నుంచి రాస్తున్నాను. రెండేళ్ళ తొట్టె, 300 లీటర్లు, ఐదు చేపలు. సంపులో మొదట్నుంచీ ప్లాస్టిక్ బయోబాల్స్ మీద నీళ్ళు చిలకరించే పద్ధతి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం 80 నుంచి కిందకి రావట్లేదు. ఫిల్టరు శుభ్రంగా లేదేమో అని ప్రతి ఆదివారం అన్నీ కుళాయి కింద కడుగుతున్నాను, అయినా అంతే.

జవాబు: కుళాయి ముందు కట్టేయండి సార్! మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, ప్రతి ఆదివారం మీ బ్యాక్టీరియాలో సగాన్ని మీరే చంపుతున్నారు, మీ రాళ్ళ మీద కూడా కాస్తో కూస్తో ఉండబట్టి అమ్మోనియా లేవలేదు. నేను మొదటి తొట్టెలో సరిగ్గా ఇదే చేశాను, స్పాంజి తెల్లగా వచ్చేదాకా కుళాయి కింద పిండి పిండి కడిగి గర్వంగా పెట్టాను, మూడో రోజుకి నాలుగు చేపలూ వెల్లకిలా. నా దగ్గర రాళ్ళు లేవు అప్పట్లో, ఉన్న ఇల్లల్లా ఆ స్పాంజే. కడగాలంటే తొట్టెలోంచి తీసిన పాత ఉప్పునీళ్ళలో ముంచి పిండితే చాలు.

నైట్రేట్ సంగతి, బయోబాల్స్ తప్పేమీ చెయ్యలేదు, వాటి పని అవి బ్రహ్మాండంగా చేస్తున్నాయి, అమ్మోనియాని నైట్రేట్ దాకా తెచ్చి వదిలేస్తున్నాయి. గాలి బాగా తగిలే చోట నైట్రేట్‌ని విడగొట్టే బ్యాక్టీరియా ఉండదు, దానికి ఆక్సిజన్ లేని చోటు కావాలి, పైన రాయి లోపలి రంధ్రాలని చెప్పానే అది. ఒక్కసారి అన్నీ తీసెయ్యకండి, వారానికి గుప్పెడు చొప్పున తీస్తూ ఆ చోట బొరియలున్న రాయి పెడుతూ పోండి, రెండు మూడు నెలలు పడుతుంది.

మీ ఉత్తరంలో స్కిమ్మర్ మాట లేదు, ఉందా? లేకపోతే అది పెట్టండి. సంపులో కాస్త చోటుంటే కీటోమార్ఫా అని పచ్చటి నైలాన్ దారప్పోగు లాంటి ఆల్గే దొరుకుతుంది, దాన్ని ఓ గదిలో వేసి లైటు పెట్టండి, నైట్రేట్‌నీ ఫాస్ఫేట్‌నీ తిని పెరుగుతుంది, పెరిగిందాన్ని సగం తీసి పారేస్తే ఆ మురికి ఇంట్లోంచి బయటికి పోయినట్టే. ఆ లైటు పై తొట్టె లైటు ఆర్పాక రాత్రి పూట వెలగనివ్వండి, రాత్రి పీహెచ్ పడిపోకుండా ఉంటుంది, చెరువులో తెల్లవారుజామున పీహెచ్ ఎందుకు పడుతుందో మన ప్రాంతంలో అడగాల్సిన పని లేదు. ఉత్త చేపల తొట్టెకి నైట్రేట్ 20, 30 దాకా ఉన్నా పర్వాలేదు, 5కి తేవాలని ప్రాణాలు తీసుకోకండి, పగడాలుంటే అది వేరే లెక్క. అన్నిటికంటే ముందు మేత ఎంత వేస్తున్నారో చూసుకోండి, రెండు నిమిషాల్లో తినేసేంత వెయ్యాలి, తణుకులో ఇంటికొచ్చిన వాళ్ళకి పెట్టినట్టు చేపలకి పెడితే కుదరదండి.

ప్రశ్న: నరసాపురం నుంచి. మావారు దుబాయ్‌లో ఉంటారు, తొట్టె ఆయన సెట్ చేసి వెళ్ళారు, చూసుకునేది నేనే. పెద్ద క్యానిస్టర్ ఫిల్టరు ఉంది, స్కిమ్మర్ ఉంది. తుఫాను రోజుల్లో కరెంటు గంటల తరబడి ఉండదు. మొన్న ఆరు గంటలు పోయి వచ్చాక ఫిల్టరు ఆన్ చేస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చింది, ఒక చేప పోయింది. ఏం చెయ్యాలి?

జవాబు: మీ తప్పేం లేదమ్మా, ఈ సంగతి ఎవరో ఒకరు మీకు ముందే చెప్పాల్సింది. మూతేసిన డబ్బాలో కరెంటు లేకపోతే నీళ్ళు కదలవు, లోపల కోట్ల బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ని గంటా రెండు గంటల్లో వాడేసుకుని చచ్చిపోవడం మొదలవుతుంది, ఆ కుళ్ళంతా కరెంటు రాగానే పంపు ఒక్కసారి తొట్టెలోకి కొట్టేస్తుంది. ఇంకెప్పుడైనా రెండు గంటలకి మించి కరెంటు పోతే, వచ్చాక ఆన్ చెయ్యకముందే క్యానిస్టర్ విప్పి లోపలి నీళ్ళు సింకులో పారబోసి, స్పాంజీలు తొట్టెలోంచి తీసిన నీళ్ళలో కడిగి, అప్పుడు పెట్టండి.

అసలు ప్రమాదం ఫిల్టరు ఆగడం కాదు, గాలి ఆగడం. అదే వేడిలో మంచినీళ్ళతో పోలిస్తే ఉప్పునీళ్ళు ఆక్సిజన్‌ని ఇంచుమించు ఐదోవంతు తక్కువ పట్టుకుంటాయి, నీళ్ళు వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని పక్కన పెట్టుకోండి, ఖరీదు కూడా పెద్దగా ఉండదు, కరెంటు పోగానే దానంతటదే ఆన్ అయ్యేవి ఉన్నాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఎలక్ట్రీషియన్ని పిలిచి వేవ్‌మేకర్ ఒక్కదాన్నీ ఆ లైనుకి కలిపించండి, అది పది వాట్ల లోపే తింటుంది, రాత్రంతా నడుస్తుంది, స్కిమ్మర్, నీళ్ళని చల్లబరిచే చిల్లర్ ఇన్వర్టర్ మీద పెట్టకండి. ఏదీ లేనప్పుడు చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోస్తుండండి, పావుగంటకోసారి, అదే ఏరియేషను. 1996 తుఫానులో కోనసీమలో కరెంటు ఎన్నాళ్ళకొచ్చిందో గుర్తున్న వాళ్ళు ఇవన్నీ నవంబరు రాకముందే సర్దుకుంటారు. కరెంటు లేనంతసేపూ మేత వెయ్యకండి, చేప రెండు మూడు రోజులు తినకపోయినా ఏం కాదు.

మీవారు వచ్చినప్పుడు ఆ క్యానిస్టర్ భారాన్ని రాళ్ళ మీదకి మార్చమనండి, రాయి తొట్టెలోనే ఉంటుంది కాబట్టి పైన నీళ్ళు కాస్త కదిలితే చాలు, దాని బ్యాక్టీరియా బతికేస్తుంది.

ప్రశ్న: కాకినాడ. నా టాంగ్ చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలొచ్చాయి. వైట్ స్పాట్ అంటే వైరస్ కదా, చెరువులో వస్తే ఇంక అంతే అంటారు. యూవీ ఫిల్టరు పెడితే పోతుందా?

జవాబు: ఆ వైట్ స్పాట్ వేరు, ఇది వేరు. రొయ్యకి వచ్చేది వైరస్, చేపకి వచ్చింది క్రిప్టోకారియన్ అనే పురుగు, పేరొకటే అయ్యేసరికి మన జిల్లాల వాళ్ళు హడలిపోతారు. దీనికి మందుంది.

యూవీ లైటు గొట్టంలోంచి వెళ్ళే నీళ్ళలో ఈదుతున్న పిల్ల పురుగుల్ని చంపుతుంది, చేప ఒంటిలో ఉన్నదాన్నీ ఇసుకలో గుడ్డుకట్టి కూర్చున్నదాన్నీ ఏమీ చెయ్యలేదు. కాబట్టి అది సాయం, వైద్యం కాదు. చేపల్ని అన్నిటినీ వేరే తొట్టెకి తీసి అక్కడ రాగి మందు వాడి, పెద్ద తొట్టెని చేపల్లేకుండా ఆరు వారాలకి పైనే వదిలెయ్యండి, పట్టుకోడానికి చేప దొరక్కపోతే పురుగు చస్తుంది. రాగి మందు పెద్ద తొట్టెలో మాత్రం చస్తే వెయ్యకండి, రొయ్యలూ నత్తలూ పగడాలూ అన్నీ పోతాయి, రాళ్ళలోకి ఇంకిపోయి తర్వాత కూడా వదలదు. వేరే తొట్టెలో మందున్నన్నాళ్ళు కార్బన్ తీసెయ్యండి, లేకపోతే మీరు వేసిన మందుని అది పీల్చేసి మీ డబ్బులు అదే తింటుంది. రోజూ అమ్మోనియా టెస్ట్ చేస్తూ పావువంతు నీళ్ళు మారుస్తుండండి, కొత్తగా పోసే నీళ్ళలో కూడా మందు అదే మోతాదులో కలపాలి, అది మర్చిపోయే ఎక్కువమంది రెండోసారి చుక్కలొచ్చాయని మళ్ళీ రాస్తుంటారు.